మేనేజరుగారి కడుపులో కరకర

పదింటికి సంతకం, పదకొండింటికి పని మొదలు. ఆ ఉదయం వడ్రంగి వేసుకున్న పథకం ఇంతే. నమూనాగా చేసిచ్చిన బల్ల ఆఫీసు మేనేజరుకు తెగ నచ్చింది. మిగతా నలభై బల్లలకూ ఆయన సంతకం పెడితే మూతపడబోతున్న కొట్టు నిలబడుతుంది. మేనేజరు కాగితం ముందుకు లాక్కుని కలం తీశాడు. సరిగ్గా అప్పుడే బల్లలోంచి కరకరమని చప్పుడు వచ్చింది.

వడ్రంగికి పైప్రాణాలు పైనే పోయాయి. అది పొడుగు మీసాల పెంకుపురుగు పిల్ల. ఆకులు రాల్చే చెట్ల బెరడులో తల్లి గుడ్డు పెట్టి పోతే, పిల్ల కలపను తొలుచుకుతింటూ ఏళ్ల తరబడి లోపలే కాపురం ఉంటుంది. చెక్కను ఏడాదైనా ఆరనివ్వమని భార్య చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఈయన మూడు నెలలకే రంపం పట్టాడు.

చప్పుడు వినపడకుండా గట్టిగా దగ్గాడు. పురుగు తగ్గలేదు. మేనేజరు కలం కింద పెట్టి పొట్ట పట్టుకున్నాడు. బరువు తగ్గాలని వారం రోజులుగా మంచినీళ్లతో నెట్టుకొస్తున్నాడాయన.

"మేస్త్రీ, మీకూ వినిపించిందా?"

ఆకలేమోనండీ అని గొణిగాడు వడ్రంగి. కొంప మునిగింది అక్కడే. మేనేజరు గబగబా నాలుగు బిస్కెట్లు తిన్నాడు. చప్పుడు హెచ్చింది. వీధి చివరి డాక్టరు పరుగున వచ్చి, ఆయన్ని ఆ బల్లమీదే పడుకోబెట్టి, పొట్టకు స్టెతస్కోపు ఆనించాడు. ముప్పై ఏళ్లలో ఇలాంటిది వినలేదని, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి కోసి చూడాల్సిందేనని తేల్చాడు. మేనేజరు తన భార్యకు ఫోను చేసి బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పసాగాడు.

వడ్రంగి ఇక తట్టుకోలేకపోయాడు. ఆర్డరుకు నీళ్లొదులుకుని నోరు తెరిచాడు.

"అయ్యా, జబ్బు మీకు కాదు, నా బల్లకి. పచ్చి చెక్కతో చేశాను, లోపల పురుగుంది. ఆర్డరు రద్దు చేసెయ్యండి. పొట్ట మాత్రం కోయించుకోకండి."

రుజువుగా బల్లకాలి దగ్గర రాలిన పొడి చూపించాడు. బిస్కెట్ పొడి అన్నాడు డాక్టరు. మేనేజరు కళ్లు చెమర్చాయి.

"నాకు ధైర్యం చెప్పడానికి, పాపం, తన పనితనానికే పురుగు అంటగడుతున్నాడు. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

పడుకున్నచోటి నుంచే నలభై బల్లలకూ సంతకం పెట్టాడు. వడ్రంగికి సంతోషం కన్నా సిగ్గే ఎక్కువైంది. కొట్టుకు పోయి, ఉన్న చెక్కంతా బయటికి లాగి ఎండలో పరిచాడు.

ఆస్పత్రికి చేరేసరికి మేనేజరు కడుపులో చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. దారిలో తానిచ్చిన మాత్ర ఒక్కటే పనిచేసిందని డాక్టరు చీటీలో రాసుకున్నాడు.