ముందు దిగండి, తర్వాత ఎక్కుదురుగాని

మనిషి గొప్పతనమంతా ఎక్కడంలో ఉందని లోకం ఇంతకాలం పొరబడింది. ఎక్కడానిదేముంది, పిల్లి కూడా ఎక్కుతుంది. అసలు విద్య దిగడంలో ఉంది. బళ్లో మనకు ఎక్కాలు నేర్పారు గాని దిగడం నేర్పలేదు. (దిగాలు మాత్రం తర్వాత ఎవరికి వారే నేర్చుకున్నాం.) ఈ లోటు పూడ్చడానికి మా వీధి చివరి వినోదాల పార్కువారు నడుం కట్టారని సగర్వంగా మనవి చేస్తున్నాను.

సంగతి మా మేనత్తతో మొదలైంది. ఆవిడ రైల్వే స్టేషన్ విచారణ కౌంటర్లో కూర్చుని, రాని రైళ్ల గురించి ఏళ్ల తరబడి మర్యాదగా చెప్పిన మనిషి. ఉద్యోగం నుంచి ఆవిడా, ఆవిడ నుంచి మోకాళ్లూ ఒకే ఏడాది విరమణ పొందారు. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే. సొంత ఇల్లు. కింద అత్త, పైన అద్దెకుంటున్న కాలేజీ ప్రిన్సిపాల్, ఆ పైన డాబా. లిఫ్టు లేదు గనక సొంత డాబాను ఆవిడ చూసి చాలా ఏళ్లయింది. సెలవు రోజు సాయంత్రాలు అక్కణ్నుంచి ఏదో దొర్లుతున్న చప్పుడు. అడిగితే ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు సర్దుకుని, "పైన ఏమీ లేదండీ" అంటారు. ఏమీ లేనిది ఎలా దొర్లుతుందో తెలియక అత్తకు నిద్ర పట్టడం లేదు.

పార్కులో 'గాలిపల్లకి' అని ఒకటుంది. పెద్ద స్తంభం చుట్టూ కుర్చీలు, మెల్లగా పైకి లేచి గుండ్రంగా తిరుగుతాయి. పైనుంచి వీధిలో ప్రతి డాబా కనిపిస్తుందట. ఆ మాట చెవిన పడగానే అత్త పట్టుబట్టింది. నేను కుర్చీ తోసుకుంటూ బయల్దేరాను.

మీట నొక్కే ఆయన మమ్మల్ని ఆపాడు. "అమ్మగారూ, పైన ఆగిపోతే ఎలా దిగుతారండీ?"

"మిగతావాళ్లు ఎలా దిగుతారు?" అంది అత్త.

"వాళ్లనెప్పుడూ అడగలేదండీ."

మమ్మల్ని అవరోహణ విభాగానికి పంపారు. అవరోహణాధికారి గారు మర్యాదస్తులు. లేచి నిలబడి మరీ నిబంధన చదివి వినిపించారు: "స్వయంగా నడవజాలని అతిథులు ఎక్కుటకు పూర్వమే దిగి చూపవలెను."

"ఎక్కకుండా ఎలా దిగను నాయనా?"

"దానికి వేరే మెట్లు కట్టించామమ్మా."

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అనే సామెతకు సిమెంటుతో కట్టిన రూపం పార్కు వెనక ఉంది. అవి ఎక్కడికీ వెళ్లని మెట్లు. పైన ఒక అరుగు, అరుగు మీద పట్టీలున్న పసుపు కుర్చీ, దాని చుట్టూ యూనిఫాం వేసుకున్న నలుగురు సిబ్బంది. వారి చేతులు ఖాళీగానే ఉన్నాయి గాని, ఎక్కించడం వారి విభాగం కిందికి రాదు. అత్తను నేనూ, ఐస్‌క్రీం బండాయనా మోసుకెళ్లాం. (నా నడుం ఇప్పటికీ ఏ విభాగం కిందికీ రాలేదు.) తర్వాత ఆ నలుగురూ ఈల వేసి, కోడిగుడ్లు మోస్తున్నంత జాగ్రత్తగా ఆవిణ్ని మెట్టు మెట్టుకూ దించారు. అత్త ముఖం వెలిగిపోయింది.

"ఒరే, ఇదే బాగుందిరా. ఇంకోసారి ఎక్కించు" అంది. నేను వినపడనట్టు నటించాను.

'ఈమె దిగగలదు' అన్న పత్రం చేతికిచ్చారు. అది పట్టుకుని వచ్చేసరికి గాలిపల్లకి ఒక్క కుర్చీ తప్ప నిండా జనంతో పైకి వెళ్లి, అక్కడే ఆగిపోయి ఉంది.

అధికారి గారు మైకు అందుకున్నారు. "ఆందోళన పడకండి. మీలో దిగుడు పత్రం ఉన్నవారు చేయెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. (అన్ని చేతులూ కడ్డీలు పట్టుకునే పనిలో ఉన్నాయి.)

పక్కనే క్రేను, దానికి వేలాడుతూ రక్షణ తొట్టి సిద్ధంగా ఉన్నాయి. అయినా కదలవు. పత్రం ఉన్న అతిథి పైన ఉంటేనే తొట్టి వెళ్లాలి. "నడవగలిగినవాళ్లకి దించే ఏర్పాటు అక్కర్లేదని పోయినేడాదే తీర్మానించామమ్మా" అన్నారు అధికారి గారు.

"గాల్లో నడుస్తారా?"

"ఆ ప్రశ్న అప్పుడు రాలేదమ్మా."

చెట్టెక్కించి నిచ్చెన తీసేయడం పాత పద్ధతి. ఇక్కడ నిచ్చెన తీయలేదు, తుడిచి ఎదురుగా పెట్టారు. అత్త మాత్రం మెచ్చుకోలుగా తలాడించింది. కౌంటర్లో కూర్చున్న మనిషి కదా, సాటి కళాకారుణ్ని గుర్తుపట్టింది.

"పత్రం నా దగ్గరుంది. నన్ను పైకి పంపి, తర్వాత దించుకోండి" అంది.

ఆయన నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిరగేశారు. వద్దని ఎక్కడా లేదు.

"ఎక్కించడం మీ విభాగం కాదుగా?" అన్నాను నేను, ఊరుకోలేక.

"ఇది ఎక్కించడం కాదండీ. దించడానికి సన్నాహం."

ఫారంలో సహాయకుడు అనే గడి లేకపోవడంతో నన్ను సామాను కింద రాసుకున్నారు. మాతో పాటు ఇద్దరు సిబ్బందితో తొట్టి లేచింది. పైన ఖాళీగా ఉన్న ఒకే కుర్చీలో అత్తను కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. పక్క కుర్చీలో కండలు తిరిగిన యువకుడు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఆంటీ, మనల్ని దించుతారా?"

"నన్ను దించుతారు నాయనా. నీ సంగతి కనుక్కుంటా."

అని వీధివైపు తిరిగింది. తిరిగి, మెడ ముందుకు చాచింది.

మా డాబా మీద ప్రిన్సిపాల్ గారు, టై కట్టుకుని, చక్రాల బూట్లతో గుండ్రంగా తిరుగుతున్నారు. చేతులు రెండూ చాచారు. ఒక కాలు గాల్లోకి లేపారు. నీళ్ల ట్యాంకును కావలించుకుని ఆగి, మళ్లీ బయల్దేరారు.

"ఒరే, ఆయనకీ చక్రాలేరా" అని అత్త నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆవిడ అంతలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో, నేను కూడా సంతోషం పట్టలేకపోయాను. "ఎంత పెద్దదిరా మన డాబా, మరిచేపోయాను" అంది కాసేపటికి, మెల్లగా.

కింద మైకు మోగింది. "అమ్మా, దిగుదామా?"

అత్త కళ్లు తుడుచుకుని, పాత కౌంటరు గొంతు బయటికి తీసింది. "దయచేసి వేచి ఉండండి. వివరాలు కొద్దిసేపట్లో తెలియజేయబడును. ఈలోగా నా సామాను పంపిస్తున్నాను."

"సామాను మీతోనే పైకి వచ్చింది కదమ్మా, మీ మేనల్లుడు?"

"వీళ్లంతా నా సామానే."

సామానుకు పరిమితి ఏ నిబంధనలోనూ లేదు. తొట్టి విడతలు విడతలుగా తిరిగింది. ఒక కొత్త జంటను జత సూట్‌కేసులుగా, ఇద్దరు లాయర్లను పెళుసు వస్తువులుగా, కండల యువకుణ్ని చేతిసంచీగా రాసుకుని దించారు. అతను సంతకం పెడుతూ ఏడ్చాడు. చివరి విడతలో నేనూ దిగాక పైన అత్త ఒక్కతే మిగిలి, చీకటి పడే ముందు ప్రిన్సిపాల్ గారు బూట్లు విప్పి ఇంట్లోకి వెళ్లేదాకా చూసి, అప్పుడు సరేనంది.

ఒక అతిథి, సామానుతో సహా క్షేమం అని నివేదిక రాశారు. సామాను మొత్తానికి మర్నాడు ఉచితంగా గాలిపల్లకి ఎక్కే పాసులిచ్చారు. ఎలా దిగుతారని ఎవర్నీ అడగలేదు.

"నేనూ రేపొస్తాను. ప్రిన్సిపాల్ గారు వెనక్కి జారడం నేర్చుకుంటున్నారు, చూడాలి" అంది అత్త.

"తప్పకుండా రండమ్మా" అన్నారు అధికారి గారు. "ఆ పత్రం ఒకసారికే. రేపు ముందు దిగి చూపించాలి."

"ఇప్పుడేగా దిగాను, మీరంతా చూస్తుండగా?"

"అది నిజంగా దిగడం అమ్మా" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "లెక్కలోకి రాదు."