మాస్టారి సున్నా ఖర్చు ప్రచారం

స్కేలు మాస్టారు రిటైరై మూడేళ్లయింది గానీ ఆయన చేతిలో స్కేలు మాత్రం ఇంకా రిటైరవలేదు. బళ్లో పిల్లలు లేకపోయేసరికి, భార్య ఇచ్చే కాఫీలో నురగ ఎంత ఎత్తుందో కొలుస్తూ కాలం గడుపుతున్నారు.

అలాంటి మనిషికి పార్లమెంటు ఎన్నికలు రాగానే పని దొరికింది. వాళ్ల ఊళ్లో రైలు ఆగడం మానేసి ఏడాదైంది. పక్క నగరంలో ఉద్యోగం చేసే కూతురు చంటిపిల్లను చంకనేసుకుని రెండు బస్సులు మారలేక రావడమే తగ్గించింది. మనవరాలికి పళ్లొచ్చిన సంగతి మాస్టారికి ఫోనులో తెలిసింది. ఆ రోజు ఆయన కాఫీ నురగ కొలవలేదు.

"రైలు ఆపనివాడికి ఓటు ఆపండి!" అని నినాదం కట్టారు. ఏ పార్టీకీ చెందని స్వతంత్ర ప్రచారకర్తగా ఊరంతా బ్యానర్లు కట్టాలని నిశ్చయించుకున్నారు. ఎన్నికల ఆఫీసు నుంచి నిబంధనల పుస్తకం తెచ్చి మొదటి పేజీ చదివారు. ఖర్చు పరిమితి దాటేవాళ్లు ముందుగానే పేరు నమోదు చేయించుకోవాలని ఉంది.

"దాటితే కదా! నాకయ్యే ఖర్చు సున్నా" అంటూ పుస్తకాన్ని కుట్టుమిషను మీదికి విసిరారు. "ఇదిగో, కాలర్ల నమూనాలు కత్తిరించుకో."

ఆయన భార్య టైలరమ్మ. ఇంటి ముందుగదే ఆవిడ షాపు. ఏ కాగితమైనా చదివి గానీ కత్తెర పెట్టదు.

"సున్నా ఎలా అవుతుందండీ?"

"గుడ్డ మన పాత దుప్పట్లు. కుట్టేది నువ్వు. తిప్పేది నీ తమ్ముడి వ్యాను. వచ్చినవాళ్లకి టీ పెట్టేది మళ్లీ నువ్వు."

"మరి మీరు?"

"ఆలోచన!" అన్నారు మాస్టారు, స్కేలుతో నుదురు తడుతూ.

పాత దుప్పట్లు రెండు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత కొత్తవి పాతవయ్యాయి. చివరికి కర్టెన్లు కూడా ఊరి మీదికి వెళ్లిపోవడంతో, మాస్టారింట్లో ఏం వండుకున్నారో ఎదురింటావిడ తన వాకిట్లోంచే చెప్పసాగింది. షాపులో చొక్కాల పని వెనకబడింది. ఆగలేని ఒకాయన ఒంటిచెయ్యి చొక్కాతోనే ఊరు వెళ్లాడు.

కుట్టిన ప్రతి బ్యానరు కింది మూలనా టైలరమ్మ తన షాపు లేబులు కుట్టింది. అందులో ఆవిడ పేరు, వీధి, ఇంటి నంబరు ఉంటాయి.

"ఇదేమన్నా చొక్కానా? పీకెయ్!" అన్నారు మాస్టారు.

"నా చేతిలోంచి పోయేదాని మీద నా పేరుండాలి. నచ్చకపోతే మీరే కుట్టుకోండి."

సూదిలో దారం ఎక్కించడం రాని మాస్టారు ఆ బ్యానరును అలాగే భుజాన వేసుకుని వ్యాను వైపు నడిచారు.

పోలింగు అయిదు రోజులుందనగా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎన్నికల ఆఫీసుకు వెళ్లారు. తన సున్నా ఖర్చు లెక్క మీద ప్రభుత్వ ముద్ర వేయించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాలని కోరిక.

ఆఫీసరమ్మ ఆ సున్నాను చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"దుప్పట్లెక్కడివి?"

"ఇంట్లోవే. ఉత్తినే."

"ఉత్తినే వచ్చినా బజారు ధర రాయాలండీ. వ్యాను?"

"బావమరిదిది. ఉత్తినే."

"దానికీ బజారు అద్దె రాయాలి. కుట్టుపని?"

"మా ఆవిడ. అదీ ఉత్తినే."

"మనుషులు ఉత్తినే చేసిన పని లెక్కలోకి రాదు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"కాకపోతే ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగా చేశానని ఆవిడ సంతకం పెట్టాలి. లేదంటే కుట్టుకూలి కలుపుతాం. కలిపితే పరిమితి దాటిపోతారు. నమోదు లేకుండా దాటితే జరిమానా. బ్యానర్లు రేపే దించేస్తాం."

జరిమానా సంగతి ఎలా ఉన్నా, బ్యానర్లు దించేస్తే ఇక రైలు మాట ఎత్తేవాడే ఉండడు. మాస్టారు ఫారం పట్టుకుని ఇంటికి పరుగెత్తారు.

"ఇదిగో, కొరియరొచ్చింది. ఇక్కడో సంతకం పెట్టు" అన్నారు, వేలితో పైవాక్యం కప్పేస్తూ.

టైలరమ్మ ఆ వేలిని పక్కకు జరిపి చదివింది. "'ఇష్టపూర్వకంగా' అని ఉందే?"

"ఇష్టంగానే చేశావుగా?"

"ఇష్టమో కాదో అడిగారా?"

"కట్టుకున్న భార్యని అడగడమేమిటి?"

"ఆ ముక్క కూడా ఇందులో రాయండి."

"అమ్మాయి రావాలని లేదా నీకు?" అన్నారు మాస్టారు.

టైలరమ్మ మిషను ఆపింది. "ఉంది కాబట్టే అబద్ధానికి సంతకం పెట్టను. పదండి ఆఫీసుకి."

దారంతా మాస్టారు జరిమానా కట్టే మొహంతోనే నడిచారు.

ఆఫీసులో టైలరమ్మ గుడ్డసంచీలోంచి నిబంధనల పుస్తకం తీసింది. ఒక్క పేజీ కూడా కత్తిరించలేదు. గుర్తు కోసం అక్కడక్కడా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. దాంతోపాటు ముద్ర వేసిన రసీదు ఒకటి బల్ల మీద పెట్టింది.

ఆఫీసరమ్మ రిజిస్టరు తిరగేసింది. "ఈ ప్రచారం నమోదై ఉందే! మొదటి బ్యానరు కట్టకముందే చేయించారు. దుప్పట్లు, కర్టెన్లు, వ్యాను అన్నీ బజారు ధరకే రాసి వారం వారం రిపోర్టు ఇస్తున్నారు. నేను ఈయన పేరు మీద వెతికాను, అందుకే దొరకలేదు. ఇక జరిమానా లేదు, బ్యానర్లూ దించక్కర్లేదు."

మాస్టారు ఆ రసీదును అటూ ఇటూ తిప్పి చూశారు.

"ప్రతి బ్యానరు మీదా బాధ్యులెవరో పేరు, చిరునామా ఉండాలని ఏడో పేజీలో ఉంది. అందుకే లేబులు కుట్టాను" అంది టైలరమ్మ.

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"మీరు అడిగారా?"

ఆఫీసరమ్మ కలం అందుకుంది. "ప్రచారం ఈవిడది. మరి ఇందులో మీరెవరండీ?"

"ఆలోచన" అంది టైలరమ్మ.

"ఆ గడి మా ఫారంలో లేదమ్మా. కార్యకర్త అని రాస్తాను. ఇష్టపూర్వకంగా పనిచేశానని ఇక్కడ సంతకం పెట్టండి మాస్టారూ. ఎవరి ఒత్తిడీ లేదుగా?"

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ ఆఫీసు కర్టెన్‌కు ఊడిపోతున్న అంచుకుట్టు చూస్తోంది.

"లేదండీ" అని సంతకం పెట్టేశారు.

బయటికి రాగానే టైలరమ్మ సంచీ ఆయన చేతికిచ్చింది.

"స్టేషను రోడ్డులో ఇంకా పన్నెండు కట్టాలి. మీకు ఇష్టమైతేనే సుమండీ."

మాస్టారు స్కేలును జేబులో దోపుకుని నిచ్చెన కోసం బయల్దేరారు.