తీరిక తప్పనిసరి

మనిషి నిప్పు కనిపెట్టింది త్వరగా తినడానికి. ఆ పొరపాటు దిద్దుకోవడానికి మనకు కొన్ని వేల ఏళ్లు పట్టింది. దిద్దిన చోటు నగరానికి ముప్పై నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. సోమవారం సెలవు.

అదొక భోజనశాల. చుట్టూ తోట. అక్కడ ఏం తినాలో అతిథి నిర్ణయించడు, ఆ రోజు తోటలో కాసింది నిర్ణయిస్తుంది. ఎన్నింటికి తినాలో కూడా అదే నిర్ణయిస్తుంది. (బుకింగ్ యాప్‌లో 'భోజనం ఎన్నింటికి కావాలి?' అన్న ప్రశ్న ఉంది. ఏ జవాబు రాసినా అది ఒంటి గంటగా మారుతుంది.)

మా ఆవిడ వాళ్ల నాన్న డెబ్బయ్యో పుట్టినరోజు కోసం తొమ్మిది వారాల ముందు అక్కడ టేబుల్ బుక్ చేసింది. మామగారు నలభై ఏళ్లు మార్కెట్‌లో కూరగాయల టోకు కొట్టు నడిపారు. ఆయనకు షుగరు ఉంది. భోజనానికి అరగంట ముందు మాత్ర వేసుకోవాలి. వేసుకున్నాక తిని తీరాలి, లేకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. యాప్ ఒంటి గంట అంది కనుక ఆయన పన్నెండున్నరకు కారులోనే మాత్ర వేసుకున్నారు.

కారు రెండు కిలోమీటర్ల అవతల ఆపాలి. పొగ తగిలితే పాలకూర నొచ్చుకుంటుందట. అక్కడి నుంచి ఎడ్లబండిలో తీసుకొస్తారు. బండి నలభై నిమిషాలకు ఒకసారి.

అక్కడ తీరిక పర్యవేక్షకుడు అనే ఉద్యోగి ఉన్నాడు. వాచీ రెండుసార్లు చూసుకున్న అతిథి దగ్గరికి వెళ్లి మాట్లాడడం అతని విధి. మా దగ్గరికి ఒంటి గంటా పన్నెండు నిమిషాలకు వచ్చాడు.

"సర్, మీలో కొంచెం తొందర కనిపిస్తోంది."

"తొందర కాదు బాబూ, ఆకలి," అన్నారు మామగారు.

"మొదట్లో అందరూ అలాగే అనుకుంటారు సర్."

ఒంటిగంటన్నరకు వడ్డన అధికారిణి ఒక ట్రే తెచ్చింది. అందులో పచ్చి బీన్స్ కాయలు తొమ్మిది. అవి తినడానికి కాదు, పరిచయానికి. తినబోయే కాయ గురించి తెలుసుకోకుండా తినకూడదన్నది అక్కడి నియమం. ఆవిడ కార్డు తీసి కాయల జీవిత చరిత్ర చదివింది. విత్తిన తేదీ, పూత తేదీ, మధ్యలో వచ్చిన జబ్బు, కోలుకున్న విధానం. చివరి వాక్యం, "ఈ ఉదయం ఆరూ పదికి కోయబడినవి."

మామగారు ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచారు.

"ఇది నిన్న సాయంత్రం కోసిందమ్మా."

ఆవిడ కార్డు మూసింది. "దీన్ని అభ్యంతరంగా నమోదు చేయమంటారా?"

"రాసుకో. నాకేం భయమా?"

"నాన్నా, ఊరుకోవచ్చుగా," అంది మా ఆవిడ.

"నలభై ఏళ్లు కాయ విరిచి బతికినవాణ్ణి. చెవికి వినబడ్డాక నోరెలా మూసుకోమంటావే?"

నమోదు చేశారు. పద్నాలుగో నియమం ప్రకారం, అభ్యంతరం తేలేదాకా ఆ టేబుల్‌కు ఏమీ వడ్డించరు. ట్రేలో మిగిలిన ఎనిమిది కాయలను, విరిగిన రెండు ముక్కలను సాక్ష్యం కింద సీలు వేశారు.

రెండు గంటలకు మామగారి చేతులు వణకడం మొదలైంది. మా ఆవిడ వంటగది దాకా వెళ్లి చెంచాడు చక్కెర అడిగింది.

"చక్కెర మా తోటలో పండదు మేడమ్. పండనిది మేం పెట్టం."

"పోనీ తేనె?"

"పెట్టెలున్నాయి మేడమ్. తీసేది వచ్చే నెల."

బిస్కెట్లు కారులో ఉన్నాయి. ఎడ్లబండి అప్పుడే వెళ్లింది.

అభ్యంతరం వెనక్కి తీసుకుంటామన్నాను. తీసుకోవచ్చు, కానీ కాయ కోసిన మనిషి సంతకం కావాలన్నారు. ఆ మనిషి తోటమాలి. ఆయన బావి గట్టు మీద ఉన్నాడు. రెండు నుంచి రెండున్నర దాకా ఆయనకు భోజన విరామం. (ఆ ఆవరణలో చెప్పిన వేళకు తినే మనిషి ఆయనొక్కడే.)

మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. తోటమాలి స్టీలు డబ్బా మూత తీస్తున్నాడు. మామగారి మొహం చూశాడు. కాగితం వైపు చూడలేదు.

"షుగరా అండీ? మా అన్నయ్యకీ ఇంతే. ముందు తినండి. సంతకం ఎక్కడికి పోతుంది?"

మామగారు గట్టు మీద కూర్చుని ఆ డబ్బాలో సగానికి పైగా తిన్నారు. అన్నం, బీన్స్ కూర. చేతుల వణుకు ఆగడానికి పావుగంట పట్టింది.

"కూర బావుందయ్యా. ఈ తోటవేనా?"

"మనకెందుకిస్తారండీ? బస్టాండు దగ్గర బండి మీద కొంటాను."

"ఇంతకీ ఆ కాయలు ఎప్పుడు కోశావు?"

"నిన్న సాయంత్రం అయిదున్నరకి. పొద్దున్నే మంచు తడి మీద కోస్తే మచ్చలు పడవూ?"

"మరి కార్డు మీద అలా రాశారేం?"

"కార్డు నేను రాయనుగదండీ."

తోటమాలి అదే మాట చెప్పాక విచారణ మూడూ అయిదుకు ముగిసింది. కార్డు మీద సమయం దిద్ది, దిద్దినట్టు ఇంకో కార్డు చదివి, బీన్స్ వడ్డించారు. మనిషికి మూడు. మామగారు కడుపు నిండిందన్నారు. తీరిక పర్యవేక్షకుడు ఆ మాటను ఎలా నమోదు చేయాలని వడ్డన అధికారిణిని అడిగాడు. అక్కడ ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

మూడు వారాలకు యాప్‌లో కొత్త అంశం చేరింది. 'గట్టు మీద భోజనం. తోటమాలి సొంత డబ్బాతో. రోజుకు ఒక్క అతిథికి, సరిగ్గా రెండు గంటలకు.' పదకొండు వారాల దాకా ఖాళీ లేదు.

ఆలోచన మామగారి వల్ల వచ్చింది కనుక ఆయనకు మాత్రం వెంటనే ఇస్తామని పర్యవేక్షకుడు ఫోన్ చేశాడు. మామగారు ఒకటే అడిగారు.

"మరి ఆ తోటమాలి ఎన్నింటికి తింటున్నాడు?"

"అతిథి లేచాక, ఏమన్నా మిగిలితే సర్. ఆయనెలాగూ రోజంతా ఇక్కడే ఉంటాడుగా."