మా వ్యానుకు చలువ చేశాం

ఐదో సీసా నిండింది. ఆరోది నల్లా కింద పెట్టాను. పొద్దున ఐదున్నరకు మా ఇంట్లో మొదలయ్యే మొదటి పని ఇదే. ఏడు సీసాలు నింపి, మూతలు బిగించి, అరుగు మీద వరుసగా నిలబెట్టాలి. తాగడానికి కాదు. మనుషులు తాగే నీళ్లు ఆ తర్వాత. ఇవి వ్యానువి.

మీ ఇంట్లో పాత వ్యాను లేదా? అయితే మీ మీద నాకు జాలిగా ఉంది. ఉండి కూడా దానికి కొత్త బండి రేడియేటర్ బిగించుకోలేదా? అయితే మీకు జాలి కూడా దండగే! మనిషి జన్మ ఎత్తినందుకు ఒక్కసారైనా పాత బండికి కొత్త చలువ సామాను పెట్టించి చూడాలి. సంసారానికి అంతకు మించిన మేలు లేదు. నవ్వకండి. సీసా నిండేలోగా రుజువు చేస్తాను.

బోథ్ దగ్గర మా ఊరు. మా బాపు పేరు తోమాసు. ఆయన వ్యాను నాకంటే రెండేళ్లు పెద్దది, ఇంట్లో గౌరవం కూడా దానికి ఆ లెక్కనే జరుగుతుంది. ఇచ్చోడ అంగడికి కూరగాయలను, పత్తి ఏరే కూలీలను, పండుగలకు చర్చి వాళ్లను, పెండ్లిళ్లకు వంటపాత్రలను అది మోసింది. మోసిన ప్రతిసారీ దారిలో కాగింది. ముందు నుంచి తెల్లగా ఆవిరి లేచేది. బాపు దిగి, చేతికి తువ్వాల చుట్టుకుని, మూత తిప్పి పక్కకు దుంకేవాడు. మేము నీళ్లు పోసేవాళ్లం.

దీన్ని కష్టమంటారా? ఎంత తొందర మీకు! బండి కాగకపోతే ఏ ఊరి బోరులో నీళ్లు తియ్యగా ఉంటాయో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఎవరి చేనులో ఈ ఏడు కంది వేశారో నాకెట్లా తెలిసేది? బస్సులో పోయేవాళ్లకు ఇవి తెలుస్తాయా? ఎక్కుతారు, కూర్చుంటారు, దిగుతారు. పాపం, ఊరికే చేరుకుంటారు!

అందరికంటే పెద్ద లాభం మా అవ్వకు జరిగింది. అవ్వంటే మా అమ్మ, పేరు మగ్దలేనమ్మ. మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. వ్యానులో డ్రైవర్ పక్క సీటు ఆమెది. కాళ్ల మధ్య నీళ్ల డబ్బా, కళ్లు ఇంజన్ వేడి చూపే మీటరు మీద. ముల్లు H దిక్కు జరగగానే "ఆపు" అనాలి. బాపు ఆపుతాడు. ఇరవై ఏళ్లుగా ఆ సీట్లో ఆమె ఉద్యోగం ఆ ఒక్క మాటే.

అట్లాంటి అవ్వ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టింది. మా అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చే జూన్‌లో రిటైరవుతుంది. ఆ కుర్చీ గురించి ఆలోచించాలన్నా ముందు పది పాసైన కాగితం ఉండాలి. లెక్కలు నేను చెప్పాను. నిష్పత్తి దగ్గర ఆగిపోయాం. పుస్తకంలో పనివాళ్లు గోడ కడుతుంటే ఆమె బుర్రకు ఎక్కలేదు. చివరికి వ్యానే ఆదుకుంది.

"ఇరవై కిలోమీటర్లకు బండి మూడు సీసాలు తాగుతది. యాభైకి ఎన్ని తాగుతదవ్వా?"

"ఏడున్నర," అన్నది, నేను అడగడం పూర్తయ్యే లోపలే. తర్వాత నా దిక్కు చూసింది. "మరి నువ్వు రోజు ఏడే ఎందుకు నింపుతున్నవు బిడ్డా?"

"సగం సీసా ఎక్కడ తేవాలవ్వా?"

"గదే అంటున్న. గందుకే ఆఖరి మూడు కిలోమీటర్లు నూకుతున్నం."

ఏ బడిలో చెబుతారండీ ఇట్లాంటి చదువు?

నిరుడు మిగతా పేపర్లన్నీ పాసయింది. లెక్కల పేపరు రోజు వ్యాను గుడిహత్నూర్ దాటాక కాగింది. నీళ్లు పోశాం, చల్లారే దాకా కూర్చున్నాం, నూకాం. ఆదిలాబాద్‌లో సెంటర్ గేటు దగ్గరికి చేరేసరికి పదిన్నర. గేటు దగ్గరి మనిషి హాల్‌టికెట్ చూశాడు, అవ్వ కొంగుకు అంటిన మసి చూశాడు. "మళ్ల రా అమ్మా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. దసరా తర్వాత మళ్లీ పరీక్ష పెట్టారు. అప్పుడు వ్యాను ఇంజన్ విప్పి ఉంది. ఇప్పుడు మళ్లీ పెట్టారు. ఆ లెక్కల పేపరు ఈ రోజే. ఆదిలాబాద్‌లో, తొమ్మిదింటికి.

మీరు ఏమడగబోతున్నారో నాకు తెలుసు. బస్సు లేదా అని. ఉంది. ఆరున్నరకు మా ఊరి మూల మీద ఆగుతుంది. ఎనిమిదిన్నరకు ఆదిలాబాద్‌లో దింపుతుంది. ఆడవాళ్లకు ఛార్జీ కూడా లేదు. అవ్వ ఆ మాట ఒక్కసారి ఎత్తింది.

"ఈసారి నేను బస్సుల పోత."

బాపు తింటున్న చెయ్యి ఆపాడు. "ఇంట్ల బండి పెట్టుకొని బస్సుల పోతవా? చూసినోళ్లు తోమాసు బండి ఖరాబైందనరా?"

"అయింది గద."

"ఖరాబు కాలే. కాగింది. రెండిటికి ఫరక్ లేదా?"

ఉంది మరి! ఇంటి ముందర బండి ఉన్న మనిషి భార్య బస్సెక్కితే ఆ మనిషి పరువు ఏ స్టేజీలో దిగాలి? పరీక్షలు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. పరువు అట్లా వస్తుందా?

కానీ మా బాపును రాతిగుండె మనిషి అనుకోకండి. నిరుడు గేటు ముందర అవ్వ ముఖం ఆయనా చూశాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. వచ్చేసారి నా బండి కాగదు, నిన్ను గేటు ముందర దింపుతా అన్నాడు. అట్లా మూడు వారాల కింద ఇచ్చోడలో మెకానిక్ హనుమండ్లు దగ్గర మా వ్యానుకు వైద్యం మొదలైంది.

హనుమండ్లు నాందేడ్ దిక్కు నుంచి ఒక కొత్త రకం వ్యాను రేడియేటర్ తెప్పించాడు. ఆ వ్యాను ఎక్కడో బోల్తా పడింది, రేడియేటరుకు మాత్రం గీత పడలేదట. "తోమాసన్నా, ఇది అల్యూమినియం. దీంట్ల నీళ్లు పోసుడు లేదు, పచ్చటి కూలెంటే. బెల్టు ఫ్యాను తీసి పారేద్దాం, కరెంటు ఫ్యాను పెడుదాం. నీ బండి ఫ్రిజ్జయితది."

"నా బండికి పడుతదా?"

"పట్టకపోతే పట్టిద్దాం."

ఈ "పట్టిద్దాం" అనే మాట ముందర నేను చేతులు జోడిస్తున్నాను. రేడియేటర్ నాలుగు వేళ్లు వెడల్పు ఎక్కువ. బండి ముందరి రేకు కోశారు. కొత్తదాని మూతి ఒక సైజు, పాత పైపు మూతి ఒక సైజు. మధ్యలో బోరు మోటరు పైపు ముక్క ఇరికించి క్లిప్పులు బిగించారు. కొత్త ఫ్యాను తిరగడానికి పెద్ద బ్యాటరీ కావాలి. పెద్ద బ్యాటరీ పాత గూట్లో పట్టదు. బాపు, హనుమండ్లు కలిసి బండంతా వెతికారు. జాగా ఒక్కచోటే దొరికింది. అవ్వ సీటు.

నాలుగు బోల్టులు తిప్పగానే సీటు వచ్చేసింది. మొత్తం పనిలో తుప్పు పట్టకుండా సులువుగా ఊడింది అదొక్కటేనట. ఇప్పుడది మా అరుగు మీద ఉంది. వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నారు.

అవ్వ చూసింది. "మరి నేనెక్కడ కూసోవాలె?"

"ఎనుక స్టూలేస్త. గాలి మంచిగ తలుగుతది," అన్నాడు బాపు.

చూశారా! బండికి బండి బాగైంది, అవ్వకు గాలి కూడా వచ్చింది.

ఇంకొక్క వరం చెప్పకపోతే అన్యాయం. పాత మీటరుకూ కొత్త సామానుకూ పొత్తు కుదరలేదు. ముల్లు వెళ్లి చల్లదనం చూపే C దగ్గర పడుకుంది. ఎంత దూరం నడిపినా లేవదు.

"ఈ ముల్లు కదలదేంది?" అని అవ్వ అడిగింది.

"కదలకపోతే మంచిదే గద వదినా!" అన్నాడు హనుమండ్లు. "ఇగ నీకు ఫికర్ లేదు."

ఎంత గొప్ప మాట! కాగడం పోవాలంటే చల్లార్చక్కర్లేదు, ముల్లు కదలకుండా చూస్తే చాలు. ప్రతి ఇంటికీ ఇట్లాంటి మీటరు ఒకటి బిగిస్తే ఎంత ప్రశాంతంగా ఉంటుంది! మా ఇంట్లో మనుషులకు ఎప్పుడో బిగించి ఉంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, అవ్వ ముల్లు C దాటినట్టు బాపుకు ఒక్కసారి కూడా కనిపించలేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు బాపు లేచి నిలబడ్డాడు. "మా బండికి కొత్త రేడియేటర్ పెట్టినం. మంగళవారం ఆదిలాబాద్ దాక కాగకుండ పోవాలె. అందరు ప్రార్థన చేయుండ్రి." సంఘమంతా కళ్లు మూసుకుంది. ఆ వ్యానును ఎప్పుడో ఒకప్పుడు నూకని వాళ్లు అందులో లేరు కాబట్టి ప్రార్థన గట్టిగానే సాగింది. స్టీఫెన్ పాస్టరయ్య రేడియేటరును, ఫ్యానును, పైపులను పేరుపేరునా దేవుని చేతికి అప్పగించాడు. లెక్కల పేపరు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అవ్వ ఆ ప్రార్థనంతా కళ్లు తెరిచే ఉంది. నాకెట్లా తెలుసంటారా? నేనూ తెరిచే ఉన్నాను.

ప్రార్థన ఫలించిందనే చెప్పాలి. నిన్న ఇచ్చోడ దాకా పోయి వచ్చాం. చుక్క ఆవిరి లేదు! వాకిట్లో దిగి బాపు రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గినప్పుడు కూడా అంత సంబరపడలేదు. అయినా ఈ పొద్దున సీసాలు నింపమన్నాడు. కూలెంటుకు నీళ్లెందుకు బాపూ అంటే, "నమ్మకం వేరు, నీళ్లు వేరు," అన్నాడు.

ఆరో సీసా నిండింది. ఏడోది పెట్టాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి. బండి వేడెక్కినప్పుడే ఫ్యాను తిరిగి, చల్లబడగానే ఆగాలి. దానికొక సెన్సార్ ఉంటుంది. మా పాత ఇంజన్‌లో ఆ సెన్సార్ పెట్టే రంధ్రం లేదు. కాబట్టి హనుమండ్లు ఫ్యానును నేరుగా బ్యాటరీకి కలిపి, స్టీరింగ్ పక్కన ఇంటి లైటు స్విచ్చు ఒకటి పెట్టాడు. వేస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. నిన్న సాయంత్రం ఆ స్విచ్చు తీయబోతే బాపు నన్ను ఆపాడు.

"ఉండనియ్యి. రేపు పరీక్ష. తెల్లారేదాక ఫ్యాను తిరిగితే బండి నిమ్మలంగ చల్లబడుతది."

ఇది ప్రేమ కాదా? పరీక్షకు పోయే మనిషికి కూడా ఎవరైనా రాత్రంతా ఫ్యాను వేసి ఉంచుతారా? ఇంట్లో అవ్వ విసనకర్రతో విసురుకుంటూ సూత్రాలు వల్లె వేసుకుంది.

ఆరింటికి బాపు స్నానం చేసి, తెల్లంగి వేసుకుని, తాళం తిప్పాడు. టక్. మళ్లీ తిప్పాడు. టక్. ఫ్యాను ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. బాపు దిగి బానెట్ ఎత్తి రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. ఆ క్షణంలో కూడా ఆయన ముఖం వెలిగింది.

"ఎంత చల్లగున్నదో చూడు మగ్దలేనా!"

నిజమే. ఇరవై నాలుగేళ్లలో మా వ్యాను అంత చల్లగా ఎప్పుడూ లేదు.

"పరేషాన్ కాకుండ్రి. బ్యాటరీ దిగింది, అంతే. నూకితే అందుకుంటది. వందనా, నువ్వు ఎడమ దిక్కు పట్టు. మీ అవ్వ కుడి దిక్కు పడుతది. జర ఆగుండ్రి, ఈ వైరు ఒక్కటి చూస్త." బాపు తల బానెట్ లోపలికి పోయింది.

అవ్వ అరుగు మీద ఉంది. ఇస్త్రీ చేసిన గళ్ల చీర, చేతిలో పరీక్ష అట్ట, అట్టకు క్లిప్పు కింద హాల్‌టికెట్, రెండు పెన్నులు. లోపల గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. ఆమె వ్యాను దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి లోపలికి చూసింది. ముల్లు C మీద ఉంది. తన జాగాలో బ్యాటరీ ఉంది. ఎనుక స్టూలు ఉంది.

ఇప్పుడు చెప్పండి, పాత బండికి కొత్త సామాను పెట్టించడం మేలా కాదా? ఆ సీటు ఊడకపోతే మా అవ్వ ఈ రోజు కూడా అందులోనే కూర్చునేది. బ్యాటరీ దిగితే నూకేది. గుడిహత్నూర్ దగ్గర "ఆపు" అనేది. పదిన్నరకు గేటు ముందర దిగేది. హనుమండ్లు చల్లగా ఉండాలి! నాలుగు బోల్టులతో ఆయన ఎంత పని చేశాడో ఆయనకు కూడా తెలియదు.

అవ్వ వెనక్కి వచ్చి, అరుగు మీది సీసాల్లోంచి ఒకటి తీసుకుంది. కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. తాగడానికి. నా దిక్కు ఒకసారి చూసింది. నేను కుడి దిక్కు పోయి, ఆమె పట్టాల్సిన చోట చెయ్యి వేశాను.

"నూకుతున్నరా?" బానెట్ లోపలి నుంచి బాపు అడిగాడు. "మగ్దలేనా, పట్టినవా?"

ఏడో సీసా నిండి పొర్లుతోంది. అవ్వ వ్యాను పక్క నుంచే నడిచి, గేటు తీసి, బస్సు ఆగే మూల మీదికి పోయింది. ఇరవై ఏళ్లుగా అంటూ వచ్చిన ఆ ఒక్క మాట కూడా అనలేదు.