గుమ్మం దగ్గర వదిలాం

పార్సిళ్ల శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు చరిత్ర సృష్టించారు. పదింటికే సృష్టించాల్సింది, మైకు పనిచెయ్యలేదు.

"నేటి నుంచి మా పాలనలో చేరని పార్సిల్ అంటూ ఉండదు! నూటికి నూరు శాతం డెలివరీ! ఇంట్లో మనిషి లేకపోయినా సరే, తలుపు తియ్యకపోయినా సరే. పార్సిల్ గుమ్మం దగ్గర పెడతాం, ఫొటో తీస్తాం, మీ ఫోనుకి పంపిస్తాం. సంతకాల గోల లేదు. ఫొటోయే రుజువు, రుజువే డెలివరీ!" అన్నారు.

ఎవరో విలేకరి లేచి, "మరి పార్సిల్ పోతే?" అని అడిగాడు.

"ఫొటో ఎక్కడికీ పోదు," అన్నారు మంత్రిగారు.

హాలు దద్దరిల్లిపోయింది. టీవీ ముందు ఒక్కణ్ణే కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. ఇంత చిన్న జవాబులో ఇంత పెద్ద పాలనని ఇమడ్చగలిగినవాళ్లు ఎంతమందుంటారు చెప్పండి!

ఈ పథకం తొలి ఫలం మా పిన్నికే దక్కడం మా వంశం చేసుకున్న పుణ్యం.

పిన్ని ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఊరందరి మాటలూ ఆవిడ చెవి పక్కనుంచే వెళ్లేవి. ఆవిడ తర్వాత ఆవిడ చెవులు కూడా రిటైరయ్యాయి. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించాలి. పక్క వాటాలో ఉండేది నేనే కాబట్టి ఆ పలక ఉద్యోగం నాది. పిన్నికి ఒక స్నేహితురాలుంది, అవతలి ఊరి ఎక్స్ఛేంజి ఆపరేటరు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు. కానీ గొంతు వింటే చాలు, అవతలావిడ అన్నం తిందో లేదో పిన్ని చెప్పేసేది. ప్రతి ఆదివారం పదకొండింటికి ఆవిడ ఫోన్ చేస్తుంది. ఆర్నెల్లుగా పిన్ని ఫోనెత్తి తన మాటలు తాను చెప్పేసి పెట్టేస్తోంది.

ఆ సోమవారమే ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "వచ్చే సోమవారం గొంతుకి ఆపరేషన్. తర్వాత మాట వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పడం లేదు. ఆదివారం చేస్తాను. ఎలాగోలా వినవే."

పిన్ని కళ్లు తుడుచుకుని, అప్పటికప్పుడు నాచేత చెవి మిషన్‌కి ఆర్డరు పెట్టించింది. అది ఆదివారం పదకొండు లోపల రావాలి. ఆవిడకి ఈ లోకంలో ఇంకేం అక్కర్లేదు.

బుధవారం పిన్ని సెల్‌ఫోనుకి ఫొటో వచ్చింది. ఆకుపచ్చ తలుపు, గుమ్మం పక్కన పిన్ని చెప్పులు, చెప్పుల పక్కన తెల్లటి పెట్టె. కింద రాసి ఉంది: "బెల్ కొట్టాం. ఎవరూ పలకలేదు. గుమ్మం దగ్గర వదిలాం. డెలివరీ అయింది." ఎంత చక్కగా తీశారంటే ఆ చెప్పులు కూడా కొత్తవాటిలా ఉన్నాయి.

తలుపు తీసి చూస్తే చెప్పులున్నాయి. పెట్టె లేదు.

నేను పరుగున వెళ్లి మెట్లు దిగుతున్న పార్సిలాయన్ని పట్టుకున్నాను. యాభై ఏళ్ల మనిషి, గుబురు మీసం. వీధిలో అందరూ ఆయన్ని ఫ్లాష్ అంటారు. పిన్ని పెట్టె ఆయన చంకలో ఉంది.

"ఇదేంటయ్యా, పెట్టె పట్టుకెళ్లిపోతున్నావ్?"

"వదిలేసి పొమ్మంటారా సార్? గుమ్మం ముందు దిక్కూ మొక్కూ లేకుండా ఉంటే ఎవడైనా ఎత్తుకుపోడూ? పోతే నా ఉద్యోగం ఊడుతుంది. అందుకే పెడతాను, ఫొటో తీస్తాను, భద్రంగా ఆఫీసుకి తీసుకెళ్లిపోతాను. ఇప్పటిదాకా నా చేతిలో ఒక్కటీ పోలేదు!"

"ఎదురుగా మనిషిని ఉన్నాను కదా, ఇచ్చెయ్."

"భలేవారే! డెలివరీ అయిపోయినదాన్ని మళ్లీ ఎలా ఇస్తాం? ఒకే పార్సిల్ రెండుసార్లు డెలివరీ చేస్తే దొంగ డెలివరీ అని కేసు పెడతారు సార్."

ఇలాంటి నిజాయితీపరులుండబట్టే ప్రభుత్వాలు నిలబడుతున్నాయి. నాకు కళ్లు చెమర్చాయి, చెయ్యి మాత్రం పెట్టె మీదకి పోయింది. ఆయన చంక బిగించాడు.

గురువారం పిన్నీ నేనూ ఆఫీసుకెళ్లాం. రుజువుల అధికారిగారి వెనకాల నేలనుంచి కప్పుదాకా పార్సిళ్లే. పైన బోర్డు: "డెలివరీ అయినవి". అధికారిగారికి కుర్చీ వెనక్కి జరుపుకునే చోటు కూడా లేదు, పాపం, అంత కిక్కిరిసిన విజయం. కింద నుంచి మూడో వరసలో పిన్ని పెట్టె కనపడింది.

"అదుగో, అదే నాది!" అంది పిన్ని.

"చూడ్డం రుజువు కాదమ్మా. అందలేదని ఫారం పెట్టుకోండి. పార్సిల్ లేదని చూపించే ఫొటో జత చెయ్యండి," అన్నారాయన.

ఇంటికెళ్లి ఖాళీ గుమ్మం ఫొటో తీసుకొచ్చాను. ఆయన కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి చూశారు.

"ఇది చెప్పుల ఫొటో."

"పార్సిల్ లేదు కదా సార్."

"లేనట్టు స్పష్టంగా కనపడ్డం లేదు. లేని పార్సిల్ మధ్యలో వచ్చేట్టు తియ్యండి."

నాలుగుసార్లు తీశాను. నాలుగుసార్లూ లేని పార్సిల్ కాస్త పక్కకి పడిందన్నారు. పిన్ని ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. ఆయన నవ్వుతూ విన్నారు. పలక మీద "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని రాసి, ఫొటో తీసుకున్నారు.

శుక్రవారానికి డెలివరీ నూట పద్దెనిమిది శాతానికి చేరింది. ఫొటో సరిగ్గా రానివాటిని రెండోసారి తీశారట. శనివారం మరో శుభవార్త వచ్చింది. ఫిర్యాదు చేసిన లబ్ధిదారుకి స్వయంగా మంత్రిగారి చేతుల మీదుగా డెలివరీ! ఆదివారం పదిన్నరకి, మా పిన్ని గుమ్మంలో.

"పొద్దున్నే మొహం కడుక్కుని పట్టుచీర కట్టుకోనా?" అంది పిన్ని.

"గట్టిగా పట్టుకో," అని పలక మీద రాశాను.

ఆదివారం వీధి నిండా కెమెరాలు. మంత్రిగారు ఒక పక్క, అధికారిగారు ఇంకో పక్క, వెనకాల ఫ్లాష్. పిన్ని రెండు చేతులూ చాపింది. మంత్రిగారు పెట్టె అందించారు. కెమెరాలు చిటపటలాడాయి. విలేకరులు "థాంక్యూ సార్" అని తరవాతి మీటింగుకి పరిగెత్తారు.

"అయిపోయిందమ్మా, ఇక ఇచ్చెయ్యండి," అన్నారు అధికారిగారు.

పిన్ని చిరునవ్వు నవ్వింది.

"అమ్మా, అది బుధవారమే డెలివరీ అయిపోయింది! ఇవాళ్టిది ఫొటో మాత్రమే!"

పిన్ని నమస్కారం పెట్టబోయి, చేతులు ఖాళీ లేక మానుకుంది.

"ఒకళ్లకి ఇస్తే రేపు అందరూ అడుగుతారమ్మా!" అని మంత్రిగారు మైకులో అరిచే గొంతుతో అరిచారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. అధికారిగారు ఒక కొస పట్టుకుని లాగారు. పిన్ని ఆయన్ని కూడా పెట్టెతో పాటు గుమ్మందాకా లాక్కొచ్చి, అక్కడ మోచేత్తో విదిలించుకుని లోపలికొచ్చేసింది. ఆవిడ వెనకే నేనూ దూరాను. గడియ పడింది.

"ఆయన పలక మీద రాసుంటే చదివేదాన్ని కదరా," అంది పిన్ని ఆయాసపడుతూ.

పది యాభై ఏడు. నేను పెట్టె చించి, మిషన్‌లో బ్యాటరీ పెట్టాను. పిన్ని దాన్ని చెవికి తగిలించుకుని టెలిఫోను ముందు కూర్చుంది. సరిగ్గా పదకొండింటికి ఫోన్ మోగింది. ఆ మోతకి పిన్ని ఉలిక్కిపడింది. ఉలిక్కిపడ్డానని తెలిసి మొహమంతా వెలిగిపోయింది.

రిసీవరెత్తి, వెన్ను నిటారుగా పెట్టి, ఆ పాత గొంతుతో అంది: "నంబర్ ప్లీజ్."

అవతలావిడ ఏమందో నాకు తెలీదు. పిన్ని ఏడుస్తూ నవ్వుతూ, "అన్నం తినలేదు కదూ! దొంగా!" అంది.

అప్పుడే డోర్ బెల్ మొదలైంది. ఆగకుండా మోగింది. తలుపు కూడా దబదబా బాదారు. పిన్ని తల తిప్పి గుమ్మం వైపు ఒకసారి చూసింది.

"బెల్లా? ఆఁ, మా గుమ్మమే," అంది ఫోనులో. "ఎవరూ లేరే. నువ్వు చెప్పు."

కాసేపటికి బెల్ ఆగింది. నా చేతిలో ఉన్న పిన్ని సెల్‌ఫోను కూసింది. ఫొటో వచ్చింది. ఆకుపచ్చ తలుపు, పిన్ని చెప్పులు, చెప్పుల పక్కన బెల్ మీద వేలు పెట్టి నిలబడ్డ మంత్రిగారు. చాలా చక్కగా, సరిగ్గా మధ్యలో పడ్డారు.

"బెల్ కొట్టాం. ఎవరూ పలకలేదు. గుమ్మం దగ్గర వదిలాం. డెలివరీ అయింది."

కిటికీలోంచి తొంగి చూశాను. ఫ్లాష్ మంత్రిగారిని చంకల కింద చేతులేసి భద్రంగా మెట్లు దింపుతున్నాడు. పార్సిల్ వ్యాను వెనక తలుపు తెరిచే ఉంది. మంత్రిగారు ఏదో అరుస్తున్నారు. ఫ్లాష్ ఆయనకి ఓపిగ్గా నచ్చచెబుతున్నాడు.

ఆయన్ని నమ్మొచ్చు. ఇప్పటిదాకా ఆయన చేతిలో ఒక్కటీ పోలేదు.