బాదంగింజకు వైద్యం

కోపం గుణం కాదండీ, జబ్బు. ఈ మాట ఊరికే అనడం లేదు, అనుభవం మీద చెబుతున్నాను. నాకా జబ్బు ఉండేది. నయమైపోయింది!

మెదడులో బాదంగింజంత ముక్క ఒకటి ఉంటుందట. కోపం రాజుకునేది అక్కడేనని డాక్టరు గారు బొమ్మ గీసి మరీ చూపించారు. దాన్ని చల్లార్చే రసాయనానికి నా ఒంట్లో కరువొచ్చిందట. రోజుకో తెల్ల మాత్ర చాలన్నారు. నలభై ఆరేళ్ళుగా నా కోపం మా నాన్న పోలికేనని ఇంటిల్లిపాదీ ఆయన్ని ఆడిపోసుకున్నారు. పాపం, తప్పంతా గింజది!

జబ్బు ఎలా బయటపడిందో చెప్పాలి. నేను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మెకానిక్‌ని. అట్టలు కోసే మెషీన్‌కి బ్లేడు ముందు, చెయ్యి లోపలికి పోకుండా ఒక ఇనప రేకు ఉండాలి. రేకుంటే పని నెమ్మదిస్తోందని మేనేజరు గారు తీయించేశారు. ఆ మెషీన్ మీద పనిచేసేది మా అక్క. తోడబుట్టింది కాదు, పదకొండేళ్ళుగా ఒకే ఫ్లాస్కులో టీ తాగుతున్నాం కాబట్టి అక్క. రేకు వేయించమని మొదటిసారి మర్యాదగా అడిగాను. రెండోసారి ఫిర్యాదుల పుస్తకంలో రాశాను. మూడోసారి అరిచి, బల్ల గుద్దాను. మేనేజరు గారి గ్లాసు కింద పడింది.

మర్నాడే కంపెనీ ఖర్చుతో నన్ను డాక్టరు దగ్గరికి పంపించారు. ఎంత పెద్ద మనసు!

అక్కడ ఒక ఫారం ఇచ్చారు. వారానికి ఎన్నిసార్లు కోపం వస్తుంది? గొంతు పెరుగుతుందా? వస్తువులు పగులుతాయా? అన్నీ అడిగారు. ఎందుకొచ్చింది అనడానికి మాత్రం అందులో గడి లేదు. అనవసరమైన సంగతుల జోలికి సైన్సు పోదు.

మేనేజరు గారు రోజూ ఫైళ్ళు విసురుతారు కదా, ఆయనకు మాత్ర ఎందుకు రాయలేదని మీకు అనుమానం రావచ్చు. అది కోపం కాదండీ, టెన్షన్! కోపం మా బోటి చిన్న ఉద్యోగులకే వస్తుంది. మేనేజర్లకు వచ్చేది టెన్షన్. ఓనర్లకు వచ్చేదాన్ని క్రమశిక్షణ అంటారు.

ఇక మాత్ర మహిమ ఏమని చెప్పను! బస్సులో ఒకాయన నా కాలు తొక్కితే, "మీకేం దెబ్బ తగల్లేదు కదండీ?" అని అడిగాను. పై వాటా వాళ్ళ నీళ్ళు మా వంటింట్లో కారుతుంటే కుర్చీ వేసుకుని చూశాను. చాలా అందంగా కారాయి. మా అమ్మాయైతే, "నాన్నా, నువ్విప్పుడు అచ్చం మన సోఫాలా ఉన్నావు," అని మెచ్చుకుంది.

రేకు లేని మెషీన్ ముందు నుంచి రోజూ వెళ్ళేవాణ్ణి. ఏమీ అనిపించేది కాదు. ఒకరోజు ఫిర్యాదుల పుస్తకం తిరగేశాను. "రేకు వేయించాలి" అన్న నా ఫిర్యాదుకు ఎదురుగా, మేనేజరు గారి దస్తూరీలో ఇలా ఉంది: "మాత్ర వేయించాం. సమస్య తీరింది." నిజమే కదా అనుకుని పుస్తకం మూసేశాను.

పోయిన మంగళవారం అక్క చూపుడు వేలు పోయింది. నేనే గుడ్డ చుట్టాను. ప్రమాదం రిపోర్టు కూడా నేనే రాశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. మేనేజరు గారు భుజం తట్టి, "చూశావా, ఎంత కూల్‌గా ఉన్నావో!" అన్నారు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. అక్క నన్నేమీ తిట్టలేదు. కట్టు వంక చూసుకుంటూ, "నువ్వు అరిచినన్నాళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాన్రా తమ్ముడూ. నువ్వే ఊరుకున్నావంటే, ఇంక భయం లేదు కాబోలు అనుకున్నా," అంది.

ఇంటికొచ్చి మాత్రల డబ్బాలోని కాగితం మొత్తం చదివాను. నోరు ఎండిపోవచ్చు, మత్తుగా ఉండవచ్చు, మలబద్ధకం రావచ్చు అని ఉంది. పక్కవాళ్ళ వేలు పోవచ్చని ఎక్కడా లేదు. అచ్చుతప్పు అయ్యుంటుంది.

ఈ రోజు మాత్ర వేసుకోలేదు. సిగ్గేసో, గింజ మళ్ళీ రాజుకునో తెలియదు. డబ్బాలో ఇంకా తొమ్మిది మాత్రలున్నాయి. రేపు తీసుకెళ్ళి మేనేజరు గారి బల్ల మీద పెడతాను. ఆయనకు చాలా టెన్షన్ రాబోతోంది.