గేటు కెమెరాకు పద్నాలుగు రోజుల జ్ఞాపకం

ఒక సంఘటన జరిగిందని నిశ్చయంగా చెప్పాలంటే దానికి కనీసం రెండు ప్రతులు ఉండాలి. ఒకే ప్రతి ఉన్నది పుకారుతో సమానం. ప్రతే లేనిది తత్వశాస్త్రం కిందికి వస్తుంది. యెవ్లె పట్టణం అంచున, వాలు మీద వరుసగా నిలిచిన పన్నెండు ఇళ్ళ మా సంఘం ఈ సత్యాన్ని రెండేళ్ళ క్రితమే గుర్తించి, ఏకగ్రీవంగా ఆమోదించి, తగిన పద్ధతి ఎంపికయ్యేదాకా అమలును వాయిదా వేసింది. నేను ఆ సంఘానికి కార్యదర్శిని. పేరు టూరె. సమావేశాల మినిట్స్ రాయడం నా బాధ్యత. (జరిగినదానికీ మినిట్స్‌కీ తేడా వచ్చినప్పుడు, మా నిబంధనల ప్రకారం, జరిగినదాన్ని సవరించుకోవాలి.)

మా ఆవరణకు నాలుగు కెమెరాలున్నాయి. అవి చూసినదంతా ఉమ్మడి బట్టలుతికే గదిలో, ఆరబెట్టే బీరువా పైనున్న ఒక నల్ల పెట్టెలోకి చేరుతుంది. అందులో పద్నాలుగు రోజులకు సరిపడా చోటుంది. పదిహేనో రోజు వచ్చి మొదటి రోజును తుడిచి, దాని స్థానంలో కూర్చుంటుంది. మనిషి జ్ఞాపకంతో పోలిస్తే ఇది నిజాయితీ గల ఏర్పాటు: ఎప్పుడు మరచిపోతుందో ముందే చెబుతుంది.

మే ఇరవై ఎనిమిది, గురువారం సాయంత్రం, ఉమ్మడి పచ్చిక కోసే రోబో మాయమైంది. సభ్యులు ఓటు వేసి దానికి ఆల్బిన్ అని పేరు పెట్టుకున్నారు. శుక్రవారం ఉదయానికి గేటు బార్లా తెరిచి ఉంది. పచ్చిక మీద సగం కోసిన ఒక చార మాత్రం మిగిలింది. పోలీసులు ఫిర్యాదు తీసుకుని, దృశ్యం ఉంటే పంపమన్నారు. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ గేటు వేయవలసినవాడు మా ఆవరణ సంరక్షకుడు వెయిక్కో. పడవెక్కి ఫిన్లాండు నుంచి కుర్రవాడిగా వచ్చి, మా దగ్గర పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది. ఆయన ఒప్పందం పొడిగింపు జూన్ పదిహేనున చర్చకు రావలసి ఉంది.

ఆ శుక్రవారమే అత్యవసర సమావేశం పెట్టాం. దాల్చినచెక్క బన్నులు వచ్చాక మొదలైంది.

"వెయిక్కో, నిన్నిక్కడ ఎవరూ ఏమీ అనట్లేదు," అంది అధ్యక్షురాలు గున్‌వోర్. (అనడం మొదలైందని దీని అర్థం.)

"ఆరింటికి గేటేశాను. రెండుసార్లు లాగి చూశాను," అన్నాడు వెయిక్కో.

"లాగావనే మేమూ అనుకుంటున్నాం. కానీ అనుకోవడం ఒకటి, ఉండటం ఒకటి."

"అనుకోవడం దేనికి? కెమెరా ఉందిగా. చూడండి."

సోల్వేగ్ తలూపింది. సంఘంలో అందరికన్నా పెద్దది; బడి వంటశాలలో నలభై ఏళ్ళు వండి, ఎనభై నాలుగో ఏట కూడా ఎవరి పళ్ళెంలో ఏం మిగిలిందో గమనించే మనిషి. "పెట్టండర్రా, చూద్దాం. పది నిమిషాల పని. నా కాఫీ కూడా చల్లారదు."

"అలా చూసెయ్యకూడదు సోల్వేగ్," అన్నాడు యెర్కెర్. సైన్యంలో వైర్‌లెస్ ఇంజనీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. అంటే మా విశ్రాంతి తీసుకుంటున్నాడు. "మూలప్రతి ముట్టుకోవాలంటే ముందు దానికి నకలుండాలి. తీరా చూస్తుంటే పాడైపోయిందనుకో?"

"చూడకుండా బాగుండి ఎవడికి లాభం నాయనా?"

"అది వేరే చర్చ," అంది గున్‌వోర్. నేను వేరే చర్చ అని రాసుకున్నాను.

నకలు తీయాలంటే బ్యాకప్ పద్ధతి ఖరారు కావాలి. పద్ధతి ఖరారు కావాలంటే ఉపసంఘం వేయాలి. ఉపసంఘం వేశాం: గున్‌వోర్, యెర్కెర్, నేను. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదని స్పష్టం చేస్తున్నాను. ప్రతి మెట్టూ దాని పై మెట్టుకు తార్కికంగా ఆనుకుని ఉంది. మెట్ల వరస ఎటు పోతోందన్నది మెట్ల పరిధిలోకి రాదు.

యెర్కెర్ ఆ వారాంతమే ముప్పై ఒక్క పేజీల నివేదిక తెచ్చాడు. పక్కనే రెండో పెట్టె పెడితే తేలిక. కానీ బట్టల గది తగలబడితే రెండూ కలిసి బూడిదవుతాయి. కెమెరాల్లోనే చిన్న మెమరీ కార్డులు పెట్టవచ్చు. కానీ కెమెరాను ఎత్తుకుపోయే దొంగ తన దృశ్యాన్ని కూడా తనతోనే తీసుకుపోతాడు. ఇంటర్నెట్ ద్వారా దూరాన, ఎవరివో కంప్యూటర్లలో దాచవచ్చు. అప్పుడు మా గేటు ఎవరి చేతిలో ఉన్నట్టు? నాలుగోది, సభ్యుల్లో ఒకరి ఇంటి నేలమాళిగలో పెట్టడం. ఇది చవక, సులభం. అందుకే దీనిమీద వాదన ఎక్కువసేపు సాగింది; ఎవరి ఇల్లు అన్న ప్రశ్నకు మర్యాదైన జవాబు లేదు.

"అందరూ నమ్మకస్తులే కదా?" అన్నాడు యెర్కెర్.

"అందుకే ఒకర్ని ఎంచుకోలేం," అంది గున్‌వోర్.

మంగళవారం సోల్వేగ్ తన ఫోను తీసుకుని బట్టల గదికి వచ్చింది. "ఆ తెర మీద అది ఆడుతుంటే దీంతో తీసేస్తే పోలా? మా మనవరాలి పెళ్ళంతా దీంట్లోనే ఉంది."

"అది ఐదో పద్ధతి అవుతుంది సోల్వేగ్. ఐదో పద్ధతి ఎజెండాలో లేదు," అంది గున్‌వోర్.

"పోనీ ఆ పెట్టె తీగ పీకెయ్యండి. తుడుచుకోకుండా ఉంటుంది."

"తీగ పీకితే రికార్డింగ్ ఆగిపోతుంది కదా! ఈలోపు ఏదన్నా పోతే?"

"ఏం పోతుంది గున్‌వోర్, తల్లీ? పోయేది ఆల్బిన్ ఒక్కడే. వాడు పోయాడు."

ఇది హాస్యంగా నమోదైంది.

ఇక అంగీకారాల సంగతి. మా కెమెరా నియమావళి ఏడో అంశం ప్రకారం, దృశ్యంలో కనిపించే ప్రతి మనిషీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ దృశ్యాన్ని చూడరాదు. ఎవరు కనిపిస్తారో తెలియాలంటే దాన్ని చూడాలి. ఈ చిక్కును గున్‌వోర్ ఎంతో హుందాగా విప్పింది: పన్నెండు ఇళ్ళవాళ్ళూ సంతకం చేస్తే సరిపోతుంది. దొంగ కూడా కనిపించే అవకాశం ఉంది గనుక, ఆయన అంగీకారం కోరుతూ నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన అంటించాం. సంబంధితులు వారపు రోజుల్లో ఐదింటి తర్వాత సంప్రదించవచ్చనీ, కాఫీ ఉంటుందనీ రాశాం. స్పందన రాకపోతే దాన్ని అంగీకారంగా భావిస్తామని కింద చేర్చాం. (దొంగ విషయంలో మేము చూపిన ఈ ఉదారత తర్వాత ఇంకెవరి విషయంలోనూ చూపవలసిన అవసరం రాలేదు.)

వెయిక్కో తన పత్రం మీద నిలబడ్డచోటే సంతకం చేశాడు. చెల్లుబాటు ఎంతకాలం అన్నచోట, "ఎప్పటికీ" అని రాశాడు. ఎనిమిదో రోజుకు పదకొండు ఇళ్ళ పత్రాలు వచ్చేశాయి.

పన్నెండోది నాది.

నేను దేన్నీ చదవకుండా సంతకం చేసే మనిషిని కాను. ఆ పత్రం ఒక పేజీ. దాన్ని మొదటిరోజు ఒకసారి, రెండోరోజు ఒకసారి చదివాను. అంగీకారం అనేది నిజానికి ఏమిటి? తెలిసినదానికి ఒప్పుకోవడమా, తెలియనిదానికి ఒప్పుకోవడమా? తెలియనిదానికైతే అది గుడ్డితనం. తెలిసినదానికైతే, అది చాలా కష్టం. (ఆ గురువారం ఆరున్నరకు రెండు చేతుల్లో ఖాళీ సీసాల సంచులతో నేను ఆ గేటు తీసుకుని రోడ్డు పక్కన పాత సీసాలు వేసే గాజు డబ్బా దగ్గరకు వెళ్ళాను. తిరిగి వస్తూ గేటును మడమతో వెనక్కి తోశాను. పడిందనే అనుకున్నాను. అనుకోవడం ఒకటి, ఉండటం ఒకటి అని గున్‌వోర్ అప్పటికి ఇంకా చెప్పలేదు. ఈ విషయం ఎవరూ అడగలేదు గనుక మినిట్స్‌లో లేదు.)

పదకొండో రోజు వెయిక్కో మా ఇంటి ముందు చెట్ల కంచె కత్తిరిస్తూ ఆగాడు.

"నీ కాగితం ఒక్కటే రాలేదంట."

"చదువుతున్నా."

"ఒక పేజీయేగా టూరె."

"వెనక కూడా ఉంది."

"వెనక ఖాళీ."

"ఖాళీ అని చూసుకోవాలి కదా."

ఆయన కత్తెరకు అంటిన ఆకులు దులిపాడు. ఫిన్లాండు వాళ్ళ మౌనానికి మా వైపు చాలా పేర్లున్నాయి. అవన్నీ మేము కంగారుపడి పెట్టినవే.

"ఆ రోజు సైకిలుకు గాలి కొట్టుకుంటున్నా, రోడ్డు వారన," అన్నాడు. "ఆరున్నరప్పుడు సీసాలు పడ్డ చప్పుడు వినబడింది. గాజు డబ్బాలో."

"ఇక్కడ అందరూ తాగుతారు వెయిక్కో."

"అవును. అందరూ తాగుతారు." మళ్ళీ కంచె వైపు తిరిగాడు. "నాకు ఆల్బిన్ అక్కర్లేదు. పని కూడా, పోతే పోనీ. నేను వేశానన్నాను. వేశాను. అది ఒక్కటి చూడండి. పందొమ్మిదేళ్ళలో నేను అడిగింది అదొక్కటే."

"అడిగావని రాసుకుంటాను," అన్నాను. రాసుకున్నాను కూడా.

పన్నెండో రోజు ఉపసంఘం మళ్ళీ కూర్చుంది. యెర్కెర్ ఆ పూట తొందరపడ్డాడు. ఏదో ఒక పెట్టె తాత్కాలికంగా తెచ్చి పెట్టేస్తానని, రెండు గంటల్లో నకలు తయారవుతుందని అన్నాడు. గున్‌వోర్ కూడా మెత్తబడింది. అప్పుడు నేను మాట్లాడాను. తాత్కాలికం అన్నదానికి మన నియమావళిలో నిర్వచనం లేదని గుర్తుచేశాను. ఒక మనిషి పరువు ఆధారపడిన దృశ్యాన్ని అరకొర ఏర్పాటుకు అప్పగించడం ఆ మనిషికే అన్యాయమని చెప్పాను. గున్‌వోర్ నా చేతిమీద చెయ్యి వేసింది.

"టూరె అన్నది నిజం," అంది. "వెయిక్కో కోసమన్నా మనం సరిగ్గా చెయ్యాలి."

సరిగ్గా చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

జూన్ పదకొండు సాయంత్రం ఆరు గంటలకు నల్ల పెట్టె, తన అలవాటు ప్రకారం, మే ఇరవై ఎనిమిది సాయంత్రం ఆరు గంటలను తుడిచేసుకుంది. ఆరున్నరకు ఆరున్నరను తుడిచేసుకుంది. నేనప్పుడు బట్టల గదిలోనే ఉన్నాను. ఆ గంట నా పేరు మీద బుక్ అయి ఉంది. దుప్పట్లు ఆరుతున్నాయి. పెట్టె మీద ఆకుపచ్చ దీపం ఒక్కసారి కూడా రెపరెపలాడలేదు. మరచిపోవడం ఇంత నిశ్శబ్దంగా జరుగుతుందని నేను పుస్తకాల్లో చదివాను గాని, ఎదురుగా నిలబడి చూడటం అదే మొదటిసారి.

మర్నాడు ఉదయం నా అంగీకార పత్రం సమర్పించాను. కార్యదర్శి హోదాలో నేనే దాన్ని అందుకుని, గడువు దాటి వచ్చిందని నమోదు చేశాను.

పదిహేనున నిర్ణయం వెలువడింది. ఆధారం లేనందున సంఘం వెయిక్కోను తప్పుపట్టడం లేదు. ఆధారం లేనందున తప్పు లేదని చెప్పడమూ లేదు. ఈ అస్పష్టత ఇరుపక్షాలకూ ఇబ్బందికరం గనుక ఒప్పందాన్ని పొడిగించకుండా, జూన్ ముప్పైతో స్నేహపూర్వకంగా ముగిస్తున్నాం. వీడ్కోలుకు పచ్చటి బాదం ముద్ద కప్పిన కేకు తెప్పించాం. వెయిక్కో ఒక ముక్క తిన్నాడు. బాగుందన్నాడు. పళ్ళెం కడిగి పెట్టాడు.

"ఆయన కడగడమేంటర్రా," అంది సోల్వేగ్. ఎవరూ లేవలేదు. అప్పటికే కడగడం అయిపోయింది.

బ్యాకప్ పద్ధతి కూడా చివరకు ఖరారైంది. నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడం మిగతా మూడింటికి అన్యాయమని భావించి, మూడు ఎంచుకున్నాం. బట్టల గదిలో కొత్త పెట్టె, గున్‌వోర్ నేలమాళిగలో ఇంకొకటి, దూరాన ఎవరివో కంప్యూటర్లలో మూడోది. కాలపరిమితి లేదు, ఏదీ తుడిచిపోదు. యెర్కెర్ మధ్యవేసవి పండుగ సెలవుల్లో కూడా నిచ్చెనెక్కి, ఇరవై తొమ్మిదో తేదీకల్లా బిగించేశాడు.

జూలైలో అందరూ వేసవి ఇళ్ళకు వెళ్ళిపోతారు గనుక, రెండో తేదీనే పరీక్ష జరిపాం. ఏదైనా ఒక దృశ్యాన్ని మూడు చోట్ల నుంచీ తెరిచి చూడాలి. చూడాలంటే అందులో ఉన్నవారి అంగీకారం ఉండాలి. వెతికితే, ఎప్పటికీ చెల్లే అంగీకారం ఒక్కరిదే ఉంది.

యెర్కెర్ జూన్ ముప్పై, సాయంత్రం ఆరు గంటలు పెట్టాడు. తెర మీద వెయిక్కో కనిపించాడు. భుజాన ఒక సంచి, చేతిలో సైకిలు. తాళంచెవులు గున్‌వోర్ పోస్టు డబ్బాలో వేసి, బయటికి నడిచి, సైకిలును కంచెకు ఆనించి వెనక్కి వచ్చాడు. గేటు వేశాడు. ఒకసారి లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. అప్పుడు వెళ్ళిపోయాడు.

"చూశారా ఎంత స్పష్టంగా ఉందో!" అన్నాడు యెర్కెర్. "చెయ్యి మీద నరాలు కూడా కనిపిస్తున్నాయి. మూడు చోట్లా ఇదే. ఇక మన తరవాత కూడా ఉంటుంది."

సోల్వేగ్ తెరను చూడటం మానేసి చాలాసేపటి నుంచి నన్ను చూస్తోంది. "టూరె, నువ్వు ఈమధ్య సీసాలు పడెయ్యడానికి వెళ్ళట్లేదేం నాయనా?"

"ఇంట్లోనే దాస్తున్నాను," అన్నాను.

పరీక్ష సఫలమైందనీ, ఆవరణలో జరిగేది ఏదీ ఇకమీదట మరుగున పడే అవకాశం లేదనీ మినిట్స్‌లో రాశాను. చదవకుండా సంతకం చేసే అలవాటు లేదు గనుక, ఒకసారి చదువుకుని, కింద సంతకం చేశాను.